స్వచ్ఛంద సైనికుడి బాధ్యత

ఈమధ్య ఒక సభలో స్పెయిన్ అంతర్యుద్ధం (1936–39) ప్రస్తావన వచ్చింది. జీతానికి పోరాడే సిపాయి చేతికి అంటే నెత్తురు, ఆశయంకోసం తనంతట తాను వెళ్ళి పోరాడినవాడి చేతికి అంటదని ఒక మిత్రుడు వాదించాడు. సభికులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే, నేను తొందరపడ్డాననిపించింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1937 మే నెలలో 15వ అంతర్జాతీయ బ్రిగేడులో బ్రిటిష్ వలంటీర్లతో టాంకుల నెదిరించే ఫిరంగి దళం ఒకటి ఏర్పడింది. మొదట సుమారు 40 మంది మనుషులు; సోవియట్ యూనియన్ పంపిన 45 మిల్లీమీటర్ల ఫిరంగులు మూడు. మొదటి నాయకుడు మాల్కం డన్‌బార్, కేంబ్రిడ్జిలో చదివినవాడు. వీళ్ళనెవరూ బలవంతాన సైన్యంలో చేర్చలేదు. పైగా, స్పెయిన్ వెళ్ళి పోరాడటం నేరమని బ్రిటిష్ ప్రభుత్వం ఆ జనవరిలోనే 1870 నాటి చట్టం చూపించి బెదిరించింది. హిట్లరూ ముస్సోలినీ ఫ్రాంకోకు విమానాలూ సైనికులనూ పంపుతూంటే, ‘జోక్యం కూడదు’ అన్న ఒప్పందం రిపబ్లిక్ చేతులు కట్టేసింది. అటువంటప్పుడు ఇంట్లో కూచోవటంకూడా ఒక పక్షం వహించటమే. వాళ్ళు వెళ్ళటం న్యాయమే. ఇందులో నాకు సందేహం లేదు.

సందేహం బెల్చీతే దగ్గర మొదలవుతుంది. 1937 ఆగస్టు చివర ఆరగాన్ రంగంలో రిపబ్లిక్ సేనలు ఆ పట్టణాన్ని ముట్టడించాయి. శత్రువు చర్చిలోనూ ఇళ్ళలోనూ పాతుకుని ఉన్నాడు. పోరాటం ఇంటింటికీ సాగింది. టాంకులకోసం తెచ్చిన ఫిరంగులను గోడలమీదికి తిప్పారు. పట్టణంలో మామూలు జనంకూడా ఉన్నారు. సెప్టెంబరు మొదటివారంలో పట్టణం చేతికి వచ్చింది.

ఫిరంగి పేల్చేవాడికి గోడ కనబడుతుంది. గోడవెనక మనిషి కనబడడు. నిర్బంధ సైనికుడైతే, ‘నన్ను లాక్కొచ్చారు, పేల్చమన్నారు, పేల్చాను’ అనగలడు. అది పూర్తి జవాబు కాకపోయినా కొంత జవాబు. వలంటీరుకు ఆ జవాబుకూడా లేదు. తన ఇష్టంతో వచ్చినవాడు తన గుండు ఎక్కడ పడిందో దానికికూడా తానే పూచీ. శత్రువు ఇళ్ళలో దాక్కోవటం నిజమే. దానివల్ల పాపంలో శత్రువుకు వాటా వస్తుందేకాని, మన వాటా మాఫీ కాదు. కనక నా మిత్రుడి మాటను తిరగవెయ్యాలి: వలంటీరు బాధ్యత తక్కువ కాదు, ఎక్కువ.

అయితే వెళ్ళకుండా ఉండవలసిందా? కాదు. తన చేతులు శుభ్రంగా ఉంటే చాలుననుకునేవాడు ఇతరులను బాంబులకు వదిలేస్తాడు. 1937 ఏప్రిల్ 26న గెర్నికా తగలబడింది అట్లాగే. గెర్నికాలో విమానాలు ఊరిమీదనే బాంబులు కురిపించాయి. బెల్చీతేలో గురి ఊళ్ళో తిష్ఠవేసిన సైన్యంమీద. ఈ తేడా నిజమైనది, దీన్ని వదులుకోరాదు. కాని కూలిన గోడకింద పడిన పిల్లవాడికి ఈ తేడా ఏమీ చెయ్యదు. ఇదీ నిజమే.

1938 మార్చిలో ఫ్రాంకో సేనలు బెల్చీతేను తిరిగి పట్టుకున్నాయి. ఆ వసంతంలోనే, వెనకకు తగ్గే పోరాటాలలో, ఫిరంగి దళం అంతరించింది. మిగిలినవాళ్ళు తుపాకులు పట్టి బ్రిటిష్ బెటాలియన్‌లో కలిశారు. ఫ్రాంకో ఆ శిథిలాలను బాగుచెయ్యకుండా ‘ఎర్రవాళ్ళ నిర్వాకం’ అని చూపటానికి నిలిపి ఉంచాడు. పక్కనే ఖైదీల చాకిరీతో కొత్త ఊరు కట్టించాడు.

నా భయమల్లా ఇక్కడే. మన వీరుల కథలో బెల్చీతే గోడలను మనం దాచిపెడితే, వాటి కథ ఫ్రాంకోలే చెబుతారు; అందులో గెర్నికా ఉండదు. ఆ నలభైమందినీ తప్పక పొగుడుదాం. అయితే వాళ్ళు కూల్చిన గోడల లెక్కకూడా ఆ పొగడ్తలోనే చెబుదాం. ఆ లెక్క విన్నాకకూడా ‘వెళ్ళటం న్యాయమే’ అనగలిగినవాడే ఆ మాటను తెలిసి అన్నట్టు. నేను అంటున్నాను.