గాసింని ఎవరు చంపాలి?

'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962)లో తమ తెగ బావి నీళ్లు తాగాడని షరీఫ్ అలీ ఒకణ్ని కాల్చేస్తాడు. కర్నూలువాణ్ని, నీళ్లకీ పగకీ ఉన్న చుట్టరికం నాకెవరూ చెప్పక్కర్లేదు. నన్ను వదలనిది గాసిం సంగతి.

నెఫూద్ ఎడారిలో తప్పిపోయిన గాసింని, అందరూ వద్దంటున్నా, లారెన్స్ వెనక్కెళ్లి తెస్తాడు. అకాబా దాడికి ముందు రాత్రి అదే గాసిం అవతలి తెగవాణ్ని చంపుతాడు. వాళ్లు బదులు తీర్చుకుంటే అలీ మనుషులు ఊరుకోరు, సైన్యం రెండుగా చీలుతుంది. ఏ తెగకీ చెందనివాడే చంపాలి. లారెన్స్ తుపాకీ తీస్తాడు.

లారెన్స్ రాసుకున్న పుస్తకంలో కాపాడినవాడు వేరు, చంపినవాడు వేరు. సినిమా ఇద్దర్నీ ఒకణ్ని చేసింది. చరిత్రగా తప్పే (నాకైతే అభ్యంతరం లేదు).

'సమరసింహారెడ్డి' (1999) లాంటి మన ఫ్యాక్షన్ సినిమాల్లో హీరో కత్తి పట్టడానికి ఇంట్లో ఒక శవం ఉండాలి. లారెన్స్‌కి ఏ పగా లేదు. అందుకే అతని తూటాని అందరూ న్యాయమని ఒప్పుకున్నారు. పగ ఉన్నవాడికి రాజీ అన్నా చెప్పొచ్చు. పెద్దమనిషే తుపాకీ పడితే ఎవరు చెప్పాలి? కైరోలో జనరల్ అలెన్‌బీ అడిగినప్పుడు లారెన్స్ అసలు మాట బయటపెడతాడు: చంపడం తనకి నచ్చిందట.