మూడేళ్ళ కొలత

"భార్యని హింసించినందుకు మూడేళ్ళేనా?" తిరుపతిలో ఆడవాళ్ళం నలుగురం చేరి 498ఏ గురించి మాట్లాడుకుంటే ముందొచ్చే ప్రశ్న ఇదే. 1983లో వచ్చిన ఆ సెక్షన్‌కి (ఇప్పుడు న్యాయసంహితలో 85) గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. విచారించే ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు వేయగలిగేదీ మూడేళ్ళే. అంతకుమించి అవసరమనిపిస్తే కేసుని చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకి పంపొచ్చు గానీ, ఇక్కడ ఆయనా మూడు దాటలేడు. నేరాన్ని అంతకే తూచింది చట్టం.

మేజిస్ట్రేటుకి హద్దు ఉండాల్సిందే. ఒక్క మనిషి కూర్చుని జైలుకి పంపే చోట కలానికి పగ్గం లేకపోతే ముందు నలిగేది జామీను దొరకని బీదాబిక్కీ.

నన్ను తొలిచేది వేరే. జరిమానాకీ హద్దుంది: 2006 నుంచి 10,000, 2024 జూలై 1 నుంచి 50,000 రూపాయలు. అది మామూలుగా సర్కారుకి పోతుంది. కానీ జరిమానా లేకుండా శిక్ష వేసినప్పుడు బాధితురాలికి ఇప్పించే పరిహారానికి చట్టం ఏ అంకే పెట్టలేదు. ముద్దాయి తాహతు చూసి, ఈ అధికారాన్ని ధారాళంగా వాడమని 1988లో హరిసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. దండించే చేతికి కట్టు ఉంది, ఇప్పించే చేతికి లేదు.

మరి మనం ఏళ్ళే ఎందుకు లెక్కపెడతాం? అతను జైల్లో గడిపే రోజులే ఆమె బాధకి కొలత అని ఎవరు నేర్పారు? చిత్తూరు కోర్టు మెట్లు దిగే మనిషికి ఇంటద్దె ఉంటుంది, పిల్లల ఫీజు ఉంటుంది. అయినా "డబ్బు కోసమే కేసు పెట్టింది" అంటారని, పరిహారం అడగమని వకీలుకి చెప్పడానికే జంకుతుంది.