కాయకము – కాలపరిమితి

కాయకము పవిత్రమైనచో బాలుర పనికి పరిమితి యేల? అని కొందరు ప్రశ్నింతురు. పెద్దలు ఇచ్ఛాపూర్వకముగా చేయు కాయకము వేరు. చదువుకొనవలసిన వయస్సున పరుల యవసరమునకై చేయు చాకిరి వేరు.

2016లో సవరింపబడిన 1986 నాటి బాలకార్మిక చట్టము 14 మొదలు 18 ఏండ్ల లోపువారిచే విరామముతో కలిపి దినమునకు 6 గంటలకు మించి పనిచేయింపరాదనియు, రాత్రి 7 నుండి ఉదయము 8 వరకు పనియే కూడదనియు శాసించుచున్నది. సాయంత్రము 4 గంటలకు బడి విడిచిన విద్యార్థికి మిగులునవి 3 గంటలే. ఆటకును అందులోనే చోటు కావలెను.

14 ఏండ్లు నిండనివారు బడివేళల పిమ్మట, అపాయములేని కుటుంబవృత్తిలో ఇంటివారికి తోడ్పడుటకు చట్టము అంగీకరించినది. కాని గడపలోపల గడియారము చూచు అధికారి యెవడు? తండ్రి మనస్సాక్షియే. మరునాడు తరగతిలో కునుకుచున్న బాలుడే దానికి సాక్షి.

బిడ్డకు పని నేర్పుట ధర్మము. వాని చదువును పనికి బలియిచ్చుట అధర్మము.