మాట రానోని వాటా

మనిషికి విలువ ఎక్కడి నుంచి వస్తది? తెలివి నుంచా, చేసే పని నుంచా, మాట్లాడే మాట నుంచా? ఈ ప్రశ్నను పండితులు పుస్తకాల్లో అడుగుతరు. నన్ను మాత్రం నా కడుపున పుట్టినోడే అడిగిండు. నోటితో కాదు. వానికి పదేండ్లు నిండినయి, ఇప్పటిదాక నన్ను ‘అవ్వా’ అని పిలువలేదు. ఆకలైతే నా చెయ్యి పట్టి గుంజుకపోయి అన్నం గిన్నె మీద పెడతడు. దానికి డాక్టర్లు పెట్టిన పేరు ఆటిజం. ఊరోళ్లు పెట్టిన పేర్లు చాలా ఉన్నయి. అవి ఇక్కడ రాయను.

మాది చెల్పూరు. పరకాల నుంచి భూపాలపల్లికి పోయే తొవ్వలో ఉంటది. కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్న ఊరు అంటే అందరికీ ఎరుకే. 2010లో 500 మెగావాట్లతో మొదలైంది, తర్వాత 600 మెగావాట్లది ఇంకోటి వచ్చింది. నేను మాదిగ బిడ్డను. మా అయ్య చెప్పులు కుట్టిండు, డప్పు కొట్టిండు. మా అవ్వ నాట్లేసింది. నేను ఇంటర్ దాక చదివిన. నా పెనిమిటి కాంట్రాక్టు కూలి. రాత్రిపూట పొగగొట్టం మీద ఎర్రదీపాలు ఆరి వెలుగుతుంటే మా చిన్నోడు గంటసేపు కదలకుంట చూస్తడు. మా ఊరి కరెంటు ఎక్కడెక్కడికో పోతది. నా కొడుక్కి మాట నేర్పే మనిషి మాత్రం మా ఊరికి రాడు. ఆ మనిషిని వెతుక్కుంట మేమే పోవాలె. ఎనిమిదేండ్లుగా పోతనే ఉన్నం.

2018లో వానికి మూడేండ్లు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేటోడు కాదు. చెవుడేమో అనుకున్నం. కాని పక్కింట్ల కుక్కర్ కూత పెడితే రెండు చెవులు మూసుకొని మూలకు ఉరికేటోడు. మరి చెవుడెట్లయితది? ఎవల్నడిగినా ‘మొగపిలగాండ్లకు మాట లేటుగ వస్తది’ అన్నరు. వాడు పెరిగినకొద్దీ ఊరు తీర్పులు చెప్పుడు మొదలుపెట్టింది. గ్రహణం నాడు నేను బయట తిరిగిన్నట. పోయిన జన్మలో ఏదో పాపం చేసినమట. కర్మ అన్నరు. ఈ మాట మాకు కొత్తది కాదు. మా తాత ఊరి బయట ఎందుకుండాలె అని అడిగితే వచ్చిన జవాబు కూడ ఇదే. మా అవ్వ దోసిలి పట్టి ఎందుకు నీళ్లు తాగాలె అంటే ఇదే. ఒకే జవాబు అన్ని ప్రశ్నలకూ సరిపోతుందంటే అది జవాబు కాదు. ప్రశ్న లోపలికి రాకుంట పెట్టిన గొళ్లెం.

తెల్లోళ్ల శాస్త్రం మనకన్న మెరుగ్గ మొదలైందనుకోకుండ్రి. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల గురించి రాసిండు. ఆటిజానికి ఒక పేరు, ఒక రూపం అక్కడి నుంచే స్థిరపడ్డయి. ఆ పిల్లల తల్లిదండ్రులు ఎక్కువమంది పెద్ద చదువులు చదివినోళ్లు. దాంతోని చాలా కాలం ఇది చదువుకున్నోళ్ల ఇండ్లల్ల వచ్చేదని నమ్మిండ్రు. అసలు సంగతి వేరు. అసుంటి డాక్టరు దాక పోయే తొవ్వ వాళ్లకే తెలుసు గనుక వాళ్ల పిల్లలే లెక్కకొచ్చిండ్రు. కూలోళ్ల పిల్లలు అప్పుడూ ఉన్నరు, లెక్కల లేరు. పైగా తల్లి ప్రేమ చల్లబడి పిల్లలు ఇట్లయితరని కూడ అన్నరు. 1967లో బెతెల్‌హైమ్ అనే ఆయన దాని మీద పుస్తకమే రాసిండు. ఆటిజం పిల్లగాని తండ్రి, బెర్నార్డ్ రిమ్లాండ్, అంతకు మూడేండ్ల ముందే, 1964లోనే, అది తప్పని వాదించిండు. ఇక్కడ గ్రహణం, అక్కడ చల్లని తల్లి. రెండు చోట్లా దోషి ఒక్కతే.

2020లో మేడారం పోయినం. మొక్కు ప్రకారం నిలువెత్తు బంగారం తూకం వేసినం. పదిహేడు కిలోల బెల్లం తూగిండు. ఆ జనంలో, ఆ శివసత్తుల కేకల్లో వాడు నా కొంగుల తల పెట్టుకొని వణికిండు. మాట రాలేదు. అయినా ఒకటి చెప్పాలె. సమ్మక్క గద్దె దగ్గర మమ్మల్ని ఎవలూ పోయిన జన్మ గురించి అడగలేదు.

హన్మకొండలో ఒక పిల్లల డాక్టరు ఆటిజం అన్నడు. రోగం కాదు, మందుల్లేవు, మాట నేర్పే థెరపీ, చేతిపనులు నేర్పే థెరపీ కావాలె, ఎంత తొందరగ మొదలుపెడితే అంత మంచిది అన్నడు. తొందరగ అనే మాట చెప్పుడు అల్క. మా ఊరి నుంచి హన్మకొండ దగ్గర దగ్గర అరవై కిలోమీటర్లు. థెరపీ గంటకు ఐదువందలు. వారానికి రెండుసార్లంటే నెలకు నాలుగువేలు దాటుతది. ఆ రెండు రోజుల నా కూలి పోతది. 2023 డిసెంబర్ నుంచి ఆడోళ్లకు బస్సు ఉచితమైంది, అంతకుముందు చార్జీలు కూడ మీద పడేటివి. ఇప్పుడు వానికి సగం టికెట్. వాడు కిటికీ సీటు దొరకకపోతే బస్సంతా దద్దరిల్లేటట్టు ఏడుస్తడు. ‘పిలగాన్ని మంచిగ పెంచలేదు’ అని వెనుక సీటు నుంచి ఎవలో ఒకలు అంటరు. కరోనా వచ్చినప్పుడు అది కూడ బందయింది.

థెరపీ సెంటర్‌లో బొమ్మల కార్డులు చూపించి వేలు పెట్టమంటరు. ‘గేదె ఎక్కడుంది?’ అని అడిగింది ఆ పిల్ల. వాడు చూడలేదు. మా ఇంట్ల అది బర్రె. ‘బర్రె ఏది కొడుకా’ అని నేనడిగితే టక్కున వేలు పెట్టిండు. కాగితం మీద మాత్రం అప్పటికే తప్పు అని పడ్డది. ఇంకో కార్డు మీద పియానో ఉన్నది. వాడు పుట్టిన ఇంట్ల డప్పు ఉన్నది. వానికి రానిది వేరు, వాళ్లు అడగనిది వేరు. రెండిటినీ ఒక్క లెక్కల కలిపి మా పిల్లలకు మార్కులు వేస్తరు. బడిలో మా అందరికీ జరిగింది ఇదే గదా!

సర్టిఫికెట్ సంగతి ఇంకోటి. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది. 2016 చట్టం 21 వైకల్యాలను గుర్తించింది, అందులో ఇదొకటి. 40 శాతం ఉన్నదని కాగితం ఉంటేనే పింఛను. ఆ శాతం తేల్చటానికి సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ తయారు చేసిన కొలత ఉన్నది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాక నంబరు. మొట్టమొదటి అంశమే కండ్లల్ల కండ్లు పెట్టి చూస్తడా లేదా అని. మా తాత దొర ముంగట కండ్లెత్తి చూస్తే తప్పు. నా కొడుకు కండ్లెత్తి చూడకపోతే నంబరు. శాస్త్రాన్ని తప్పు పడతలేను, ఆ కొలత కావాలె. కాని చూపుకు కూడ ఒక చరిత్ర ఉంటదని మాలాంటోళ్లకు గుర్తుకొస్తది. మొదటి క్యాంపులో ‘చూడటానికి మంచిగనే ఉన్నడు గదా’ అని ఐదు నిమిషాల్లో పంపిండ్రు. మూడోసారికి, 2021లో, కాగితం చేతికొచ్చింది. అప్పుడు పింఛను 3,016 రూపాయలు, 2023లో 4,016 అయింది. నెల థెరపీకి సరి. మా ఇనుపపెట్టెల ఇప్పుడు వాని పేరు మీద రెండు సర్టిఫికెట్లున్నయి. ఒకటి కులానిది, ఒకటి వైకల్యానిది. లోకం రోజూ మాకు గుర్తుచేసేదాన్ని మేము ఆఫీసుల చుట్టు తిరిగి రుజువు చేసుకోవాలె.

థెరపీ గది బయట కూసున్న తల్లులందరం ఒక తీరుగనే ఉంటం. నిద్ర లేని కండ్లు, పిలగాడు ఎప్పుడు ఎటు ఉరుకుతడో అన్న భయం. ‘మీరేమోళ్లు?’ అని ఒకామె అడిగింది. చెప్పిన. మరుసటి వారం నుంచి ఆమె టిఫిన్ డబ్బా నా దిక్కు తిరగలేదు. ఇంకొకామె, వాళ్లదీ పెద్ద కులమే, తన కొడుకు మిగిల్చిన అన్నం నాతోని పంచుకున్నది. ఇద్దరి గురించీ రాస్తున్న, ఎందుకంటే ఇద్దరూ నిజం. కష్టం మనుషుల్ని కలుపుతదంటరు. ఊరికే కలపదు. కలవాలని మనిషి అనుకుంటేనే కలుపుతది.

ఇగ మన ఇంటి సంగతికొస్త. ఒక ఏప్రిల్ 14 నాడు మా వాడలో సభ. అంబేద్కర్ విగ్రహం కాడ నీలి జెండాలు గాలికి ఆడుతుంటే మా చిన్నోడు వాటితోని సమంగ చేతులు ఆడిస్తున్నడు. మీటింగులో మాట్లాడిన అన్న మంచోడు, మన కోసం జైలుకు పోయినోడు. మన పిల్లలు చదవాలె, ఐఏఎస్‌లు కావాలె, మనం ఎవలకూ తక్కువ కాదని చూపించాలె అన్నడు. దిగి వచ్చి నన్నడిగిండు: ‘చెల్లే, నీ కొడుకు ఏం చదువుతున్నడు?’ చెప్పిన. ‘అయ్యో, పాపం’ అన్నడు.

ఊరు కూడ పాపం అనే అన్నది. మన భాషలో రెండిటికీ ఒకటే మాట. ఊరోళ్ల పాపం మమ్మల్ని దోషుల్ని చేసింది. అన్న పాపం మమ్మల్ని దీనుల్ని చేసింది. రెండిట్లోనూ నా కొడుకు మనిషిగ లేడు.

ఆలోచించుండ్రి. 1990లో మండల్ కమిషన్ సిఫార్సు అమలు చేస్తమన్నప్పుడు వాళ్లు ప్రతిభ, ప్రతిభ అని రోడ్ల మీదికొచ్చిండ్రు. మనం ఏమన్నం? అవకాశం ఇయ్యుండ్రి, మా ప్రతిభ చూపిస్తం అన్నం. చూపించినం కూడ. ఆ జవాబు నిజం. కాని ఆ జవాబు వాళ్ల తక్కెడనే ఒప్పుకున్నది. ప్రతిభ ఉన్నోడే సమానం అన్న మాట అట్లనే ఉండిపోయింది. మరి ఆ తక్కెడలో ఎన్నడూ తూగని పిలగాడు మన ఇంట్లనే పుడితే? వాడు సమానం కాడా? కాడు అంటే, పుట్టుకను బట్టి మెట్లు కట్టినోళ్లకూ, తెలివిని బట్టి మెట్లు కట్టే మనకూ తేడా ఎంత?

జవాబు మన దగ్గరే ఉన్నది. బ్రిటిష్ ఇండియాలో 1935 చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు ఉన్నోళ్లకే ఓటు. మా తాత నిజాం రాజ్యంలో ఓటన్న మాటే వినలేదు. రాజ్యాంగం వచ్చినంక జరిగిన మొదటి ఎన్నికల్లో, అక్షరం రాని మా తాత గుర్తు చూసి పెట్టెలో చీటీ వేసిండు. ఎవలూ ఆయనకు పరీక్ష పెట్టలేదు. 1949 నవంబర్ 25 నాడు రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించింది ఇదే: ఓటులో ఒక మనిషికి ఒక విలువ ఉంటది గాని బతుకులో ఉండదు, ఆ తేడాను తొందరగ చెరపాలె అని. చదువొస్తేనే విలువ అని ఆయన అనలేదు. విలువ ముందు, చదువు దాని వెనుక వచ్చే హక్కు. అదే రాజ్యాంగం 326వ అధికరణంలో మతిస్థిమితం లేదన్న కారణంతో ఓటు తీసేసే సందు కూడ ఉన్నది. అంటే ఈ పని ఇంకా సగమే అయింది.

1994లో ఈదుముడిలో పుట్టిన దండోర కూడ ఇదే నేర్పింది. మనం అడిగింది బహుమతి కాదు, వాటా. ఉన్నం గనుక వాటా. వరుసలో ఆఖరునున్నోడికి చేరాలె అన్నం. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ చట్టం అమలుకొచ్చింది. ఆఖరున ఎవడున్నడో ఇంకోసారి తిరిగి చూడుండ్రి. మాట రానోడున్నడు.

వాటా అంటే అందరికీ ఒకటే తీరు కాదు. నా కొడుకును ఎవలన్నా ముట్టుకుంటే ఓర్వడు. మా అయ్యను ఊరు ముట్టుకోలేదు. ‘ముట్టొద్దు’ అన్నది రెండు చోట్లా ఒకటే మాట. మా అయ్యకు అది ఊరు వేసిన శిక్ష, నా కొడుక్కి వాని ఇష్టం. ఆ మాట ఎవలది అన్నదే తేడా. వాని గడ్డం పట్టి కండ్లు ఇటు తిప్పుడు నేర్పుడు కాదు. వాని చెయ్యి గిన్నె మీద పెడితే అది కూడ మాటే అని తెలుసుకునుడు నేర్పుడు.

గనుక అడుగుడు ఇట్ల ఉండాలె. 2016 చట్టం 31వ సెక్షన్ ప్రకారం ఆరు నుంచి పద్దెనిమిదేండ్ల దాక ఈ పిల్లలకు దగ్గరి బడిలో ఉచితంగ చదివే హక్కున్నది. ఆ బడిలో నేర్పే టీచర్ ఉండాలె. 2024 డీఎస్సీలో 11,062 పోస్టుల్లో 1,016 ప్రత్యేక విద్యకు ఇచ్చిండ్రు. అది మొదలు, ఆగిపోవద్దు. మండలంలో మాట నేర్పే థెరపీ ఉండాలె, బర్రెను బర్రె అనే కార్డులతోని. భూపాలపల్లిలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది, మేము హన్మకొండ పోయే పని తప్పాలె. పిలగాన్ని తీస్కపోయిన తల్లి కూలికి లెక్క కట్టాలె.

ఆఖరుది, నన్ను రాత్రి నిద్రపోనియ్యనిది: మేము పోయినంక వాడెట్ల? ఆస్తి ఉన్నోళ్లు పిల్లల పేర రాసి పోతరు. 1999 చట్టం కింద కలెక్టర్ కమిటీ సంరక్షకున్ని పెడతది, కాగితం ఇస్తది. అన్నం పెట్టేది కాగితం కాదు. మాకు గుంట భూమి లేదు. అన్నలూ అక్కలూ, సదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెండ్లూ, రేపు మీరు డిమాండ్ల పత్రం రాసేటప్పుడు భూమి, కొలువు, హాస్టల్ అని రాస్తరు గదా, దాని కింద ఇది కూడ రాయుండ్రి. పాపం అని కాదు. వాటా అని.