అమ్మ మోకాళ్ల మీద నా విశ్రాంతి

ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఎముక బాగానే ఉంది, ఇంత నొప్పేమిటన్నారు. పది రోజుల తర్వాత ఎమ్మారై తీయిస్తే తెలిసింది, మోకాటి ఎముక లోపల కమిలిందని. విరగలేదు. పైకి నున్నగా ఉన్న ఎముక మూలుగలో వాపు. ఎక్స్‌రేకి అది కనిపించదు. కాలి మీద బరువు వేయకుండా విశ్రాంతి, ఆ తర్వాత ఫిజియోథెరపీ. వారాల్లో తగ్గొచ్చు, నెలలూ పట్టొచ్చు.

అలా తడి మెట్ల మీద జారిన పాపానికి, కథల్లో స్త్రీల శ్రమ మీద థీసిస్ రాసిన నేను, రామకృష్ణాపూర్‌లో అమ్మ దగ్గర మంచమెక్కాను.

నాకు ఒకటే పని. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, తొడ కండరం బిగించి కిందికి నొక్కడం, పది లెక్కపెట్టి వదలడం. ఏడు దగ్గరికొచ్చేసరికి అమ్మ అడుగుల చప్పుడు. అన్నం పళ్లెం, నీళ్లు, ఐసు మూటగట్టిన గుడ్డ. ఒక అడుగు గట్టిగా, ఒకటి ఈడుస్తూ పడుతున్నాయని మూడో రోజు గానీ నా చెవికెక్కలేదు.

"నీ మోకాలు కూడా చూపిద్దామే అమ్మా."

"అరిగినయేమో తియ్ బిడ్డా. నువ్వు కాలు కింద పెట్టకు."

బొగ్గుబాయి ఊరికి విశ్రాంతి తెలియంది కాదు. బాపు కాలు బాయిలో నలిగినప్పుడు దానికో కాగితం ఉంది, జీతంతో సెలవుంది. పనిలో దెబ్బ తగిలితే పరిహారమివ్వాలన్న చట్టం 1923లోనే వచ్చింది. దాన్ని తక్కువ చేయను. అయితే ఆ నెలల్లో ఆయన్ని లేపి కూర్చోబెట్టిన మనిషి పేరు ఏ మస్టర్‌లోనూ లేదు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి పోనివ్వలేదు. 2019లో సడలించినా సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకే, అదీ పగటిపూటే. బాయిలోకి పోని అమ్మకు బాయి చాకిరీ ఇంటికే వచ్చింది, షిఫ్టుకో వంటగా, బొగ్గుబట్టల ఉతుకుడుగా.

2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి పెట్టేవారు. ఈ అంకెలు సెమినార్లలో ఎన్నిసార్లు చెప్పానో! ఇప్పుడు అమ్మ లెక్కలో నేను కలిపిన నిమిషాలెన్ని?

విశ్రాంతి ఊరికే దొరకదు, ఎవరో చాకిరీ చేస్తేనే తయారవుతుంది. అలాంటి విశ్రాంతిని నేను తీసుకోవచ్చా? వద్దనుకుని ఒకరోజు లేచి పొయ్యి దగ్గర నిలబడ్డాను. రాత్రికి మోకాలు ఉబ్బింది, అమ్మకి ఐసు పని పెరిగింది. నా త్యాగం ఖర్చు కూడా ఆమే కట్టింది. పనిమనిషిని పెడదామా? ఆమెకూ మోకాళ్లుంటాయి. మంచి జీతం, వారానికో సెలవు ఇస్తే ప్రశ్న సగం తీరుతుంది. ఆ సగం చిన్నదేం కాదు.

సిగ్గుపడాల్సింది మరొకటి ఉంది. పనిమనిషి, వదిన, పిన్ని అంటూ నా ఆలోచనంతా ఆడవాళ్ల చుట్టే తిరిగింది. రిటైరైన బాపు వరండాలో పేపర్ చదువుతూనే ఉన్నాడు. ఆయన్ని అడగాలని నాకే తోచలేదు! అడిగాక ఆయన కాదనలేదు. మొదటి రోజు చాయ్‌లో చక్కెర ఎక్కువైంది. అమ్మ మూడుసార్లు లేచి వెళ్లి చూసొచ్చింది.

నిన్న ఆమెను డాక్టరుకి చూపించాం. ఇద్దరికీ ఇప్పుడు ఒకటే కసరత్తు. పక్కన కూర్చోబెట్టుకుని ఆమె మోకాలి కింద తువ్వాలు పెట్టాను. ఐదు దగ్గరే లేవబోయింది, పాలు పొంగుతయని.

వంటింట్లో బాపు ఉన్నాడు.