బదరిని వీడి దిగివచ్చువేళ

వైశాఖ జ్యేష్ఠ మాసములలో రామకృష్ణాపూరు ఎండ యెట్టిదో సింగరేణి సీమవారికి వేఱుగా చెప్పనక్కఱ లేదు. పగలంతయు బొగ్గునేల త్రాగిన వేడిని రాత్రి విడిచిపెట్టుచుండును. బాయి దిగి వచ్చినవానికి ఇంటను ఉక్కయే, వాకిటను ఉక్కయే. అట్టి యూరినుండి మంచిర్యాలలో రైలెక్కి, ఢిల్లీ హరిద్వారముల మీదుగా బదరికాశ్రమము చేరిన గృహస్థునకు, పదివేల అడుగులు మించిన ఆ యెత్తున, నడివేసవిలో కంబళి కప్పుకొనవలసి వచ్చుటయే ఒక వింత. తప్తకుండ స్నానము, నారాయణ దర్శనము, చెవులనిండ అలకనంద ఘోష. ముసలితనము పైబడక మునుపే బదరిని సేవింపుడని తిరుమంగై యాళ్వారు హెచ్చరించియున్నను, ఉద్యోగవిరమణ పిదప గాని వీలుపడనివారే పెక్కుమంది. మూడవనాడు దిగిరావలెనన్నప్పుడు వారికి కాళ్ళు కదలవు.

ఈ కదలకపోవుట భక్తియా, మోహమా?

భగవంతుడు సర్వవ్యాపి గదా, రామకృష్ణాపూరులో లేడా, విచారమేల యని కొందఱందురు. మాట శాస్త్రసమ్మతమే, పలుకుటయు సులభమే. భాగవతము ఏకాదశ స్కంధమున ఉద్ధవుని చూడవలెను. సాక్షాత్తు శ్రీకృష్ణుని నోటనే తత్త్వమంతయు వినినవాడతడు. తుదకు స్వామి అతనిని బదరికి పొమ్మని ఆజ్ఞాపించెను. అంత వినియు ఉద్ధవుడు వెంటనే తేలికగా లేచిపోలేదు. ప్రదక్షిణము చేసి, పాదములపై శిరసుంచి, వానిని కన్నీట తడిపెను. విడువలేక విడువలేక, ప్రభు పాదుకలను తలపై దాల్చి, మరల మరల మ్రొక్కి వెడలెను. కన్నీరు దోషమని స్వామి మందలింపలేదు. కన్నీరున్నదని ఉద్ధవుడు ఆగనూ లేదు.

అయితే ఉద్ధవుడు చల్లగాలికై యేడ్వలేదు. యాత్రికుని దుఃఖమున స్వామియు చలువయు కలిసియే యుండును. ఆ రెంటిని వేఱుచేయుట పెద్దలకును కష్టమే. స్వామి చల్లనిచోట కొలువుండుటయు ఆయన దయయే యనుకొనిన తప్పులేదు. కాని ఊరు చేరి, మొదటి ఉక్కపోతకే ఇంటివారిపై విసుగుకొనువాడు కొండపై విడిచివచ్చినది నారాయణునా, గాలినా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

అచటనే యుండిపోగలిగినవారు ధన్యులని యాత్రికులు నిట్టూర్తురు. నిజమునకు అచట ఎవ్వరికిని నిలుకడ లేదు. ఆలయము మూయు తిథిని విజయదశమినాడు నిర్ణయింతురు. అది సాధారణముగా నవంబరులో వచ్చును. ఆనాడు రావల్ గారు స్త్రీవేషము ధరించి లక్ష్మీదేవిని గర్భాలయమునకు తెత్తురు. మాణా గ్రామకన్యలు నేసిన కంబళిని నేతిలో తడిపి స్వామికి కప్పుదురు. ఉద్ధవుడు వరుసకు పెద్దవాడు గావున అమ్మవారు వేంచేయుటకు ముందే ఆయన లేవవలెను. (ఎంతటి భక్తునకైనను ఇంటి మర్యాద ఇంటి మర్యాదయే.) ఉద్ధవ కుబేరుల మూర్తులు పాండుకేశ్వరమునకును, శంకరాచార్యుల పీఠము జోషీమఠ నృసింహాలయమునకును దిగివచ్చును. మాణావారును ఇండ్లకు తాళములు వేసి పల్లపు గ్రామములకు పోవుదురు. ఆ ఆఱు నెలలు దేవతల పూజ, నారదుడే అర్చకుడని పెద్దల మాట.

ఒకప్పుడు కృష్ణుని వీడలేక వీడి బదరికి వచ్చిన ఉద్ధవుడే ఏటేట బదరిని వీడి పల్లకిలో దిగుచున్నాడు. దారి పొడవునను జనులు పూలు చల్లుదురు, కొందఱు కన్నులు తుడుచుకొందురు. పాండుకేశ్వరమున యోగధ్యాన బదరి యాలయములో దీపము వెలిగింతురు. మఱునాటి ఉదయము పూజ యథావిధిగా మొదలగును. తిరిగి తలుపులు తెఱచు తిథిని వసంతపంచమినాడు నరేంద్రనగర రాజభవనములో పంచాంగము చూచి ప్రకటింతురు. అప్పటికి కొండపై మంచు ఇంకను కరగియుండదు.