పాచిక, పేకముక్క, నుదుటి రాత

భిలాయి ఉక్కు నగరం చుట్టుపక్కల పల్లెలలో మహాభారతం చదివి తెలుసుకున్నవారికంటే విని తెలుసుకున్నవారే ఎక్కువ. అక్కడ ఆ కథకు పండవానీ అని పేరు. నగరానికి సమీపంలోని గనియారీ గ్రామంలో జన్మించి, భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం పొంది, 2019లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకున్న తీజన్ బాయి పేరు ఈ కళతో విడదీయరానిది. స్త్రీలు కూర్చుని మాత్రమే పాడే వేదమతి శైలికి భిన్నంగా ఆమె కాపాలిక శైలిలో నిలబడి, అభినయిస్తూ కథ చెప్పారు. చేతిలోని తంబూర ఒక క్షణం భీముని గద అవుతుంది, మరుక్షణం అర్జునుని విల్లు అవుతుంది. వేషం లేదు, తెర లేదు. ఒక్క మనిషి మాటతోనే వీరులందరూ లేచి నిలబడతారు.

కురుసభలో పాచికలు పడే ఘట్టం వద్ద ఏ కథకుడూ, ఏ శ్రోతా ఒక ప్రశ్నను దాటిపోలేరు. పాచిక చేతిని విడిచిన క్షణం నుంచి నేలను తాకే క్షణం వరకు మనిషి చేయగలిగినది ఏమీ లేదు. అటువంటప్పుడు ఆ పందానికి బాధ్యత ఎవరిది? విసిరిన చేతిదా, పడిన పాచికదా, రెంటినీ నడిపిన దైవానిదా? ధర్మరాజు ఈ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పలేదు. జూదానికి బయలుదేరే వేళ అందరమూ విధాతకు లోబడినవారమే అన్నాడు. పిలిచినప్పుడు వెనుదీయరాదన్న నియమాన్ని గుర్తు చేశాడు. అరణ్యంలో భీముడు నిలదీసినప్పుడు మాత్రం, దుర్యోధనుని రాజ్యం తనకు దక్కాలన్న ఆశతోనే పాచికలు పట్టానని ఒప్పుకున్నాడు. ఈ చివరి మాట మన పురాణ కాలక్షేపాలలో అంతగా వినబడదు. ధర్మరాజును దైవానికి బలిపశువుగా చూపడమే శ్రోతకు ఊరట కాబోలు.

వీరగాథకూ పాచికకూ ఉన్న ఈ పాత బంధాన్ని ఇరవయ్యవ శతాబ్దం చివర అమెరికాలో వెలువడిన ఒక ఆట తెంచి చూసింది. దాని పేరు ‘మార్వెల్ సూపర్ హీరోస్ అడ్వెంచర్ గేమ్’; వెలువడిన సంవత్సరం 1998; ప్రచురణ టి.ఎస్.ఆర్. పేరిట. బల్ల చుట్టూ కొందరు మిత్రులు కూర్చుంటారు. ఒకరు కథకుని స్థానం వహిస్తారు. మిగిలినవారు తలా ఒక మహావీరుని పాత్ర తీసుకుంటారు: ఒకరు స్పైడర్‌మాన్, మరొకరు కెప్టెన్ అమెరికా. కథ అంతా సంభాషణగా నడుస్తుంది. పండవానీలో ఒక్కరే మోసే భారాన్ని ఇక్కడ నలుగురైదుగురు పంచుకుంటారని చెప్పవచ్చు. కూలిపోతున్న వంతెనను వీరుడు భుజాన ఆపగలిగాడా, లేదా? అటువంటి సందేహం వచ్చిన చోట ఈ జాతి ఆటలలో సాధారణంగా పాచిక తీర్పు చెబుతుంది. 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ నుంచి అదే సంప్రదాయం. ఇదే సంస్థ 1984లో ఇదే వీరులతో తెచ్చిన మొదటి ఆటలోనూ పాచికలే ఉండేవి.

1998 నాటి ఆటలో పాచిక లేదు. దాని స్థానంలో 96 ముక్కల పేక ఉంది. దానికి పెట్టిన పేరే విధి పేక. అందులో ఐదు రంగులు: బలం, చురుకుదనం, బుద్ధి, సంకల్పం, వినాశం. ప్రతి ఆటగానికీ కొన్ని ముక్కలు ముందే పంచుతారు. ఏదైనా సాహసానికి పూనుకున్నప్పుడు అతడు తన చేతిలోని ఒక ముక్కను ఎన్నుకుని వేస్తాడు. ముక్క విలువను వీరుని సహజ శక్తికి కలిపి చూస్తారు. బలంతో చేసే పనికి బలం రంగు ముక్కే పడితే అది తురుపు. పేకలోంచి మరొక ముక్క తీసి దాని విలువను కూడా కలుపుతారు. వీరునికి దెబ్బ తగిలితే చేతిలోని ముక్కలు వదులుకోవాలి. గాయపడిన వీరునికి ప్రాణం తగ్గడమంటే ఎంపిక తగ్గడమే.

మన దేశానికి ఈ ఊహ పూర్తిగా కొత్తది కాదు. బెంగాల్‌లోని విష్ణుపురంలో, ఒడిశాలోని పూరీ ప్రాంతంలో చిత్రకారులు గుండ్రని ముక్కలపై దశావతారాలను చిత్రించారు. అవతారానికి పన్నెండు చొప్పున 120 ముక్కలు. మొగలుల గంజీఫాలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. అమెరికా వారి విధి పేకలోనూ 96 ఉండటం కేవలం కాకతాళీయం. గంజీఫాలో గమనింపదగిన మరొక విశేషం ఉంది. సగం రంగులలో పది పెద్దది, ఒకటి చిన్నది. మిగిలిన సగంలో ఒకటే పెద్దది, పది అన్నింటికంటే చిన్నది. ఏ ముక్క గొప్పదో ముక్కను చూసి చెప్పలేము, అది పుట్టిన రంగును బట్టి చెప్పాలి.

పాచికకూ పేకకూ ఉన్న భేదం వస్తుభేదం కాదు, వరుసలోని భేదం. పాచికలో మనిషి ముందు పూనుకుంటాడు, విధి తరువాత పలుకుతుంది. పేకలో విధి ముందే పలికి ఊరుకుంటుంది. ఆ తరువాత పూనుకోవలసినది మనిషి. మొదటి వరుసలో ఓడినవాడు పైకి చూసి నిట్టూర్చవచ్చు. రెండవ వరుసలో ఓడినవాడు తన చేతి వంక చూసుకోవలసి వస్తుంది. అంతేకాదు, పాచికకు జ్ఞాపకం లేదు. వరుసగా మూడుసార్లు ఆరు పడినా నాలుగవసారి దానికి ఆ సంగతి తెలియదు. పేకకు జ్ఞాపకం ఉంది. పడిపోయిన ముక్క మళ్లీ కలిపే వరకు తిరిగి రాదు. ఏది పోయిందో, ఏది మిగిలిందో లెక్కపెట్టినవానికి తెలుస్తుంది. తెలిసినకొద్దీ, తెలియలేదని తప్పించుకునే చోటు తగ్గిపోతుంది.

ఈ భేదం ఒకసారి మన సర్వోన్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడటంపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో 1967 నవంబరులో తీర్పు చెప్పిన న్యాయమూర్తి ఎం. హిదయతుల్లా. భిలాయికి పొరుగున ఉన్న రాయపూరులోనే ఆయన పాఠశాల విద్య సాగింది. మూడు ముక్కలాట వలె రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచేది కాదని, పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకోవడం, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో నిర్ణయించడం అందులో నేర్పు అని ఆ తీర్పు భావించింది. పందెం విషయంలో చట్టం తరువాత కఠినమైంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నేర్పు గల ఆటలకు ఉన్న ఆ మినహాయింపును తొలగించాయి. చతుర్ముఖ పారాయణం చేసే పెద్దలకు అది వేరే బాధ. ఇక్కడ ప్రయోజనకరమైనది ఒక్కటే: జ్ఞాపకమూ, ఎంపికా ఉన్న చోట విధిని పూర్తి ముద్దాయిగా నిలబెట్టడం కుదరదని న్యాయస్థానం కూడా గుర్తించింది.

వ్యాసుని కథలో ధర్మరాజు పాచిక వీరుడైతే పేక వీరుడు కర్ణుడు. అతని చేతిలో ఏయే ముక్కలు ఉన్నాయో అతనికి తెలుసు, శత్రువుకూ తెలుసు. సహజ కవచకుండలాలను అడిగినవానికి ఇచ్చివేశాడు. అడిగేది ఇంద్రుడని తెలిసే ఇచ్చాడు. ప్రతిగా పొందిన శక్తి ఒక్కసారికి మాత్రమే పనికివచ్చే ఆయుధం. అర్జునుని కోసం దానిని దాచుకున్నాడు. పద్నాలుగవ నాటి రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవ సేనను నుగ్గు చేస్తుండగా, అందరూ మొరపెట్టుకోగా, ఆ ఒక్క ముక్కనూ వేశాడు. ఆ వేళకు అది సరైన ఆట. యుద్ధం మొత్తానికి ఓటమి. కర్ణుడి చావుకు కారణాలనేకం అన్న సామెత అతని శాపాలను లెక్కపెడుతుంది. శాపాలు పంచబడిన ముక్కలు. ఆ రాత్రి వేసిన ముక్క మాత్రం అతనిది. కర్ణుని పట్ల తెలుగువానికి గల ఆపేక్షకు ఇదే మూలమేమో: అతడు ఏది పోగొట్టుకున్నా తెలిసి పోగొట్టుకున్నాడు.

అమెరికా ఆటలో అన్నింటికంటే లోతైన నియమం వినాశం రంగుకు సంబంధించినది. ఆటగాడు ఆపదలో ఆ రంగు ముక్కను వాడుకోవచ్చు, దానికి విలువ కూడా ఉంటుంది. వాడిన తరువాత మాత్రం అది కథకుని దగ్గరకు చేరుతుంది. కథకుడు దానిని దాచి ఉంచి, తనకు తోచిన వేళ వీరులకు ఎదురుగా వేస్తాడు. ద్రోణుని ముందు ధర్మరాజు పలికిన సగం నిజం ఇటువంటి ముక్క. దానితో ఆచార్యుడు అస్త్రసన్యాసం చేశాడు, యుద్ధం మలుపు తిరిగింది. ఆ ముక్క ఎక్కడికీ పోలేదు. తండ్రిని పోగొట్టుకున్న అశ్వత్థామ నిద్రిస్తున్న ఉపపాండవులను సంహరించిన రాత్రి అది మొదటిసారి తిరిగి వచ్చింది. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజుకు నరకదర్శనం చేయించిన ఇంద్రుడు కారణంగా చెప్పినదీ ఆ మాటనే.

ఇంతవరకు చెప్పినది పేక పక్షం. దానికి ఎదురుగా బలమైన ఆక్షేపణ ఉంది. ఓడినవాని చేతిలో ముక్కలు ఉండెను కదా, ఆట తెలియక ఓడాడు అనడం లోకంలో తరచు జరిగే అన్యాయం. పంపకం సమానం కాదు. ఒకరి చేతికి రాజులు వస్తే మరొకరికి రెండ్లూ మూళ్లూ వస్తాయి. పేదవాని కష్టానికి అతని పూనిక లోపమే కారణమని తీర్పు చెప్పే పెద్దమనుషులు ఈ సంగతి మరచిపోతారు. 1998 నాటి ఆట ఇక్కడ కూడా నిజాయితీగా నిలిచింది. గాయపడినవాని చేతిలో ముక్కలు తగ్గుతాయని అది దాచలేదు. ఒకే ముక్క మిగిలినవాడు దానిని వేయక తప్పదు. అటువంటివానిని ఈ ముక్క ఎందుకు వేశావని అడగడం ధర్మం కాదు. బాధ్యతను చేతిలో ఉన్న ముక్కల సంఖ్యతో కొలవాలి. ఎక్కువ ముక్కలు గలవాడు ఎక్కువ జవాబు చెప్పాలి.

అరణ్యపర్వంలో ద్రౌపది ఈ విషయమై ధర్మరాజుతో వాదించింది. అన్నీ దైవమే అనుకునేవానిని, అన్నీ యాదృచ్ఛికమే అనుకునేవానిని ఆమె ఒకే గాటన కట్టి నిందించింది, పూనికను ప్రశంసించింది. జూదంలో ఒడ్డబడిన మనిషి ఈ మాట చెప్పడంలో ఒక బరువు ఉంది. పాచిక విసిరినవారు పాచికను గురించి మాట్లాడారు. పందెంగా పెట్టబడిన మనిషి విసిరిన చేతిని గురించి అడిగింది.

భిలాయిలో ఈ చర్చ సభామండపాలకు పరిమితమైనది కాదు. 1955లో సోవియట్ ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఏర్పడిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కొలిమి చుట్టూ దేశంలోని అన్ని భాషలవారూ చేరారు, ఉత్తరాంధ్ర పల్లెల నుంచి తెలుగు కుటుంబాలూ వచ్చాయి. కరిగిన ఇనుము పక్కన, కంటికి కనబడని విషవాయువు నడిచే గొట్టాల కింద పనిచేయడం వారి దినచర్య. 2014 జూన్ 12న అక్కడ వాయువు లీకై ఆరుగురు మరణించారు. 2018 అక్టోబరు 9న గ్యాసు పైపులైను వద్ద సంభవించిన పేలుడులో పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. కారణాలను తేల్చే పని విచారణలది.

అటువంటి రోజున కార్మికుల క్వార్టర్లలో వినబడే మాట ఒకటి ఉంటుంది. నుదుటి రాత అంటారు. షిఫ్టు మార్చుకుని వెళ్లినవాడు పోయి, మార్చుకుని ఇంటి వద్ద ఉండిపోయినవాడు బతికితే మరే మాట అనగలరు? ఏడుస్తున్న తల్లికి ఆ మాట ఆసరా. దానిని ఆమె నుంచి లాక్కునే హక్కు ఏ తత్త్వవేత్తకూ లేదు.

అదే మాట కార్యాలయపు దస్త్రంలోకి వచ్చినప్పుడు దాని స్వభావం మారిపోతుంది. అక్కడ దానిని దురదృష్టవశాత్తు అని రాస్తారు. ఏ కర్మాగారంలోనైనా ఒక వాల్వు మరమ్మతును వచ్చే నెలకు వాయిదా వేసిన సంతకం, ఒక హెచ్చరికను చదివి పక్కన పెట్టిన చేయి, గాలి పరీక్ష పూర్తికాకుండానే పనికి ఇచ్చిన అనుమతి, ఇవి వాడుకున్న నాటికి పనికివచ్చిన ముక్కలు. ఉత్పత్తి ఆగలేదు, లక్ష్యం నెరవేరింది. ఆ ముక్కలు కథకుని దగ్గర భద్రంగా ఉంటాయి. అవి తిరిగి పడిన నాడు పాచిక పడినట్లు చప్పుడు కావడం వల్ల, అందరూ పాచికే అనుకుంటారు. ముక్కలు వేసినవారి చేతిలో ముక్కలెన్నో ఉండేవి. కొలిమి పక్కన నిలబడినవాని చేతిలో ఒకటే ఉండేది. దస్త్రంలో ఇద్దరికీ ఒకే మాట సరిపోతుంది.

పండవానీలో కథకుని పక్కన రాగి అనే సహగాయకుడు ఉంటాడు. అతని పని ఊకొట్టడం, మధ్యలో ప్రశ్న వేయడం. ద్రౌపదిని సభకు పిలుచుకు రమ్మని వచ్చిన ప్రాతికామిని ఆమె వెనుకకు పంపే చోట కథ ఒక్క క్షణం ఆగుతుంది. వెళ్లి సభలో అడిగి రమ్మంటుంది: ఆయన ముందు ఒడ్డినది ఎవరిని? తననా, నన్నా? ప్రాతికామి వెళ్లి అడుగుతాడు. ధర్మరాజు తల వంచుకుని ఉంటాడు. భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని అంటాడు. పాచికలు ఇంకా నేల మీదనే ఉంటాయి.